సైకిల్‌ని దాటేటప్పుడు బారెడు వదలండి బాబూ

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లే తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారేమో. కారు నడిపేవాళ్లు ఎంతమందో మాత్రం పండగరోజు టివిడేల్ బాలాజీ గుడి పార్కింగ్ చూస్తే తెలిసిపోతుంది. అందుకే ఈ పోస్టు సైకిల్ వాళ్ల కోసం కాదు, కారు వాళ్ల కోసం. మాస్టర్స్‌కి వచ్చిన మొదటి ఏడాది బస్సు, ఆ తర్వాత ముగ్గురు కలిసి ఒక సెకండ్ హ్యాండ్ కారు, మన లైసెన్సు మీద పన్నెండు నెలలు ఎలాగోలా నడిపి, ఈలోపు థియరీ టెస్టు యాప్ బట్టీ పట్టి, 50 ప్రశ్నలకు 43 తెచ్చుకుని, ప్రాక్టికల్ కూడా గట్టెక్కి గ్రూపులో స్వీట్ల ఎమోజీలు పెట్టేస్తాం కదా, ఆ బట్టీలో సైకిల్‌ని ఎలా దాటాలో చెప్పే ముక్క ఒకటుంటుంది. పాస్ అయిన మర్నాటి నుంచి అది ఎవరికీ గుర్తుండదు. తెల్లవాళ్లకూ గుర్తుండదు లెండి, ఈ విషయంలో జాతిభేదం ఏమీ లేదు.

నేను ఇక్కడ రోజూ సైకిల్ మీదే పనికి వెళ్తాను. హెల్మెట్ పెట్టుకోవాలా వద్దా, సిగ్నల్ జంప్ చేసే సైకిలిస్టుల సంగతేంటి, అవన్నీ ఇంకోసారి తిట్టుకుందాం. ఇవాళ ఒక్కటే విషయం, ఓవర్‌టేక్.

కారు నన్ను తగల్లేదు కదా, మరి గొడవేంటి అని చాలామంది నిజాయితీగానే అడుగుతారు. కారులో కూర్చున్న మనిషికి అది ఒక సెకను పని, అద్దం దిగి ఉంటే సైకిల్ వాడి జాకెట్టు రంగు కనిపించేంత దగ్గర నుంచి వెళ్లినా ఏమీ అనిపించదు. సైకిల్ మీద ఉన్నవాడికి వెనక నుంచి వచ్చేది ముందుగా కనిపించదు, చప్పుడు మాత్రమే వినిపిస్తుంది, ఆ చప్పుడు దగ్గరైన కొద్దీ భుజాలు బిగుసుకుపోతాయి. భుజాలు బిగిసిన వాడు సైకిల్ సరిగ్గా తొక్కలేడు. పెద్ద లారీ అయితే ముందు గాలి పక్కకి తోస్తుంది, లారీ తోక దాటేటప్పటికి మళ్లీ లోపలికి లాగుతుంది. ఇక సైకిల్ అనేది గీత గీసినట్టు నేరుగా పోయే బండి కాదు. గుంత వస్తే పక్కకి జరగాలి, వానలో ఇనుప డ్రైన్ మూత మీద టైరు జారుతుంది, పార్క్ చేసిన కారు డోరు ఠక్కున తెరుచుకుంటుంది. అలా జరిగే అడుగో అడుగున్నరో మీరు వదలకపోతే మిగతాది ఫిజిక్సే చూసుకుంటుంది. నాకు తెలిసినవాళ్లలో సైకిల్ మానేసిన వాళ్లెవరూ చలికో వానకో మానేయలేదు, ఇదిగో ఇలా రాసుకుంటూ పోయే బళ్లకే మానేశారు. మా పాత రూమ్మేట్ రెండు వారాలు తొక్కి అమ్మేశాడు. ఒక వ్యాను అద్దం మోచేతికి తగిలింది, దెబ్బ ఏమీ లేదు, కానీ మర్నాడు సైకిల్ ఎక్కబుద్ధి కాలేదన్నాడు.

సరే, ఎంత వదలాలి? బ్రిటన్ రోడ్డు రూల్స్ పుస్తకం హైవే కోడ్‌లో 163వ నంబరు రూలు 2022 జనవరి 29 నుంచి మారింది. అంతకుముందు, కారుని దాటేటప్పుడు ఎంత చోటు ఇస్తారో సైకిల్‌కీ కనీసం అంత ఇవ్వండి అని ఉండేది. ఎంత అంటే ఎంత? ఎవడి లెక్క వాడిది. ఇప్పుడు స్పష్టంగా రాశారు, గంటకు 30 మైళ్ల వరకూ అయితే కనీసం 1.5 మీటర్లు, అంతకుమించిన వేగంలో ఇంకా ఎక్కువ. గుర్రం మీద పోయేవాళ్లకైతే 2 మీటర్లు, అదీ 10 మైళ్ల లోపు వేగంతో. ఒకటిన్నర మీటరు అంటే దాదాపు అయిదడుగులు, చేతులు రెండూ బార్లా చాపితే వచ్చే బారెడు కంటే కాస్త తక్కువ. బారెడు అనుకుని వదిలితే ఎప్పుడూ తప్పు పోదు.

ఇప్పుడు ఒక చిన్న కూడిక చేద్దాం, ఎందుకంటే ఈ కూడిక చేసి చూపించాక ఎదురు మాట్లాడినవాళ్లు నాకు తక్కువ తగిలారు. సైకిల్ వాడు రోడ్డు అంచు నుంచి కనీసం అర మీటరు లోపలికి ఉండాలని హైవే కోడే చెప్తుంది, ఎందుకంటే ఆ అంచులోనే గాజుపెంకులు, డ్రైన్లు, చెత్త అంతా ఉంటుంది. అక్కడికి 0.5. హ్యాండిల్ సగం వెడల్పు 0.3. మీరు వదలాల్సింది 1.5. అద్దాలతో కలిపి మీ కారు దాదాపు 2 మీటర్లు. మొత్తం 4.3 మీటర్లు. ఇక్కడ ఒక లేన్ వెడల్పు బాగా ఉంటే 3.65 మీటర్లు, ఊళ్లో చాలాచోట్ల 3 మీటర్లే. అంటే ఏంటి? ఒకే లేన్‌లో ఉండిపోయి సైకిల్‌ని సరిగ్గా దాటడం అనేది అసలు కుదరదు. పక్క లేన్‌లోకి వెళ్లాల్సిందే. పక్క లేన్‌లో ఎదురుగా బండి వస్తోంటే ఆగాల్సిందే. సైకిల్ వాడు కాస్త పక్కకి జరిగితే నేను దూరిపోతాను కదా అనే ఆలోచన లెక్క ప్రకారమే తప్పు.

ఇద్దరు పక్కపక్కన తొక్కుతుంటే మనవాళ్లకి వచ్చే కోపం కూడా ఈ కూడికతోనే తగ్గాలి. ఎలాగూ పక్క లేన్‌లోకి వెళ్లాలన్నప్పుడు అక్కడ ఒకడుంటే ఏంటి, ఇద్దరుంటే ఏంటి? పైగా పదిమంది ఒకరి వెనక ఒకరు వెళ్తుంటే మీరు దాటాల్సిన పొడవు రెట్టింపు అవుతుంది. పక్కపక్కన తొక్కొచ్చని, ఖాళీ రోడ్ల మీదా జంక్షన్ల దగ్గరా లేన్ మధ్యలో ఉండొచ్చని కూడా అదే కోడ్‌లో ఉంది.

ఇక అసలు కథ. 2016 సెప్టెంబరులో ఇక్కడి వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసుల్లో సైకిల్ తొక్కే అలవాటున్న ఇద్దరు ట్రాఫిక్ కానిస్టేబుళ్లు ఒక పని మొదలుపెట్టారు. ఆపరేషన్ క్లోజ్ పాస్ అని దాని పేరు. కొత్త చట్టం లేదు, కొత్త బడ్జెట్టూ లేదు. ఒక పోలీసు మామూలు సైకిల్ బట్టలు వేసుకుని, కెమెరా పెట్టుకుని రోడ్డు మీద తిరుగుతాడు. ఎవరైనా మరీ దగ్గరగా దాటితే రేడియోలో ముందున్న జట్టుకి చెప్తాడు. వాళ్లు ఆ బండిని ఆపుతారు. అక్కడ నేల మీద ఒక పెద్ద మ్యాట్ పరిచి ఉంటుంది, దాని మీద రోడ్డు అంచు, సైకిల్, వదలాల్సిన దూరం అన్నీ గీసి ఉంటాయి. డ్రైవరుకి రెండు దారులు. ఓ పావుగంట నిలబడి ఆ మ్యాట్ దగ్గర పాఠం వింటారా, లేక కేసు రాయమంటారా? ఎక్కువమంది పాఠమే వింటారు. మరీ ఘోరంగా నడిపినవాళ్లకి ఆ ఛాయిస్ ఉండదు, నేరుగా కేసే.

ఇందులో నాకు బాగా నచ్చింది వాళ్లు మొదలుపెట్టిన తీరు. ముందు తమ ప్రాంతంలో సైకిల్ ప్రమాదాల రికార్డులు తీసి చూశారు. చావులూ తీవ్ర గాయాలూ దాదాపు అన్నిట్లో ఇంకో బండి ఉంది. తప్పు కూడా ఎక్కువగా డ్రైవర్లు చూడకపోవడం దగ్గరే ఉంది, ముఖ్యంగా జంక్షన్ల దగ్గర. సైకిలిస్టులకి రిఫ్లెక్టివ్ జాకెట్లు పంచిపెట్టి ఫొటోలు దిగడం తేలికైన పని, అన్ని ఊళ్లలో పోలీసులు చేసేది అదే. వీళ్లు దాన్ని పక్కనపెట్టి, డ్రైవరు కళ్లు సైకిల్ కోసం వెతికేలా చేయడం ఎలా అని ఆలోచించారు. జవాబు ఏంటంటే, ఏ సైకిల్ మీద పోలీసు ఉన్నాడో తెలియకుండా చేయడం. ఒక్కసారి ఆ అనుమానం వచ్చిందంటే ప్రతి సైకిల్‌నీ చూస్తారు, చూస్తే దూరం వాళ్లే వదులుతారు. మొదటి ఏడాది తర్వాత సైకిలిస్టుల మరణాలు, తీవ్ర గాయాలు 20 శాతం తగ్గాయని ఆ పోలీసులు చెప్పారు. ఒక్క ఏడాది లెక్క మీద నేను మరీ గంతులు వేయను, చిన్న సంఖ్యలు ఎటైనా ఊగుతాయి. కానీ మిగతా జిల్లాల పోలీసులు ఒకరి తర్వాత ఒకరు దీన్ని ఎత్తుకున్నారు, 1878 నుంచి ఉన్న సైకిలిస్టుల సంస్థ సైకిలింగ్ యూకే జనం దగ్గర చందాలు పోగుచేసి ఆ మ్యాట్‌లు కొని పోలీసులకు ఇచ్చింది. క్యాంపెయిన్ అంటే ప్లకార్డులు పట్టుకోవడం అనుకునే నాకు, పోలీసు స్టేషన్‌కి చాప కొనిచ్చి ఇదిగో పరవండి అనడం భలే పనిలా అనిపించింది.

పోలీసు అనే మాట రోడ్డు మీద ఎంత పనిచేస్తుందో చెప్పే ఒక పరిశోధన ఉంది. బాత్ యూనివర్సిటీలో ఇయాన్ వాకర్ అని ట్రాఫిక్ సైకాలజీ చదివిన మనిషి, సైకిల్‌కి దూరం కొలిచే సెన్సారు కట్టుకుని తానే తొక్కాడు. 2007లో అచ్చయిన ఆ పేపర్‌లో, హెల్మెట్ పెట్టుకున్నప్పుడు డ్రైవర్లు సగటున ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఇంకా దగ్గరగా వచ్చారని తేలింది, ఆడమనిషిలా కనిపించేలా పొడుగు జుట్టు విగ్గు పెట్టుకుంటే దూరం ఎక్కువ వదిలారట. ఆ ప్రయోగం మధ్యలోనే ఒక బస్సూ ఒక లారీ ఆయన్ని గుద్దాయి కూడా, సైన్సు కోసం ఇంతకంటే ఏం చేస్తారు చెప్పండి. తర్వాత ఇంకో ఇద్దరితో కలిసి ఏడు రకాల దుస్తులతో మళ్లీ కొలిచాడు. మామూలు బట్టలు, రేసింగ్ బట్టలు, మెరిసే జాకెట్టు, కొత్తగా నేర్చుకుంటున్నా అని రాసి ఉన్న జాకెట్టు, ఇలా. దేనికీ పెద్దగా తేడా రాలేదు. పోలీసు అనే మాట పెట్టి, వీడియో తీస్తున్నాను అని రాసిన జాకెట్టుకి మాత్రం కాస్త ఎక్కువ దూరం వదిలారు. ఏం వేసుకున్నా సరే, నూటికి ఒకరో ఇద్దరో అర మీటరు కంటే దగ్గర నుంచే పోయారు. రోజుకి వంద బళ్లు దాటే రోడ్డు మీద రోజుకొకడన్నమాట.

ఇవన్నీ చదివాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది, సైకిల్ గ్రూపుల్లో ఇది చెప్తే కొందరికి నచ్చదు. మీటరు చట్టం కావాలి, మీటరు చట్టం కావాలి అని ఏళ్లకేళ్లు ఒక్క అంకె చుట్టూ తిరగడం వల్ల వచ్చేది తక్కువ. అమెరికాలో విస్కాన్సిన్ 1973లోనే మూడడుగుల చట్టం చేసింది. కాలిఫోర్నియాలో గవర్నరు జెర్రీ బ్రౌన్ 2011లో, 2012లో ఇలాంటి బిల్లులు తిప్పికొట్టి 2013లో సంతకం పెట్టాడు, 2014 సెప్టెంబరు నుంచి అమలు. జర్మనీలో 2020 నుంచి ఊళ్లో 1.5, ఊరి బయట 2 మీటర్లు అని రాసుంది. అయితే ఆ నిబంధనకి రెండేళ్ల ముందు, ఒకటిన్నర మీటరు వదలాలని కోర్టులు అప్పటికే చెప్తున్న రోజుల్లో, బెర్లిన్ పత్రిక టాగెస్‌ష్పీగెల్ వంద మంది సైకిళ్లకి సెన్సార్లు కట్టి పదహారు వేలకు పైగా ఓవర్‌టేకులు కొలిస్తే సగానికి పైగా 1.5 మీటర్ల కంటే దగ్గరే. ఐర్లండ్ అయితే ఇంకా చిత్రం, 1.5 మీటర్ల కోసం ఏళ్ల తరబడి పోరాడితే, కోర్టులో కొలత రుజువు చేయడం కష్టమని అంకె తీసేసి 2019లో సైకిలిస్టుని ప్రమాదకరంగా ఓవర్‌టేక్ చేయడం అనే నేరం మాత్రం పెట్టారు. చాలామంది దాన్ని ఓటమి అన్నారు. నాకైతే అదే పనికొచ్చేదనిపిస్తుంది, ఎందుకంటే పోలీసు టేపు పట్టుకుని నిరూపించాల్సిన పని లేదు.

అంకె వల్ల లాభం లేదని కాదు. ఆస్ట్రేలియాలో చూడండి. ఎమీ గిల్లెట్ అని అక్కడి జాతీయ జట్టు సైకిలిస్టు 2005 జులైలో జర్మనీలో ట్రైనింగ్‌లో ఉండగా ఎదురుగా వచ్చిన కారు గుద్ది చనిపోయింది, ఆమె పేరు మీద పెట్టిన ఫౌండేషన్ ఒక మీటరు వదలండి అనే మాటని దేశమంతా తిప్పింది. క్వీన్స్‌లాండ్‌లో 2011లో ఒక కుర్ర వయొలిన్ కళాకారుడు బ్రిస్బేన్‌లో సిమెంటు లారీ ఓవర్‌టేక్ చేస్తుండగా చనిపోయాడు, చోటు సరిపోతుందనుకున్నానని చెప్పిన డ్రైవరు కేసు నుంచి బయటపడ్డాడు. దాని మీద వచ్చిన గొడవలోంచే 2014 ఏప్రిల్‌లో ఆ రాష్ట్రం ముందుగా చట్టం తెచ్చింది, గంటకు 60 కిలోమీటర్ల వరకూ 1 మీటరు, ఆపైన 1.5. సైకిల్‌ని దాటడానికి అవసరమైతే మధ్య గీత దాటొచ్చని కూడా అందులో పెట్టారు, ఇది చాలా తెలివైన ముక్క, డ్రైవరుకి నెపం లేకుండా పోయింది. విక్టోరియా రాష్ట్రం వరకూ రావడానికి 2021 అయింది. చోటు సరిపోతుందనుకున్నాను అనే మాటని కోర్టులో చెల్లకుండా చేయడం, అంకె చేసే అసలు పని అది.

బ్రిటన్‌లో ఆ 1.5 మీటర్లు తప్పనిసరి చట్టం కాదు, కోడ్ సలహా. కానీ సలహానే కదా అని మన కుర్రాళ్లు తేలిగ్గా తీసుకోవద్దు. దాన్ని పాటించలేదని చూపించి అజాగ్రత్తగా నడిపారని కేసు పెట్టొచ్చు. 1988 రోడ్ ట్రాఫిక్ యాక్టులో మూడో సెక్షన్, మామూలుగా 100 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లు. లైసెన్సు వచ్చిన రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే లైసెన్సే రద్దు, మళ్లీ థియరీ నుంచి మొదలు. ఇన్సూరెన్స్ ప్రీమియం సంగతి నేను చెప్పక్కర్లేదు, మీ అందరికీ దాని మీద పీహెచ్‌డీ ఉంది.

పక్కన గీత గీసి సైకిల్ లేన్ ఇచ్చేస్తే సరిపోతుందిగా అంటారు. మెల్‌బోర్న్‌లో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు 2019లో అచ్చువేసిన లెక్కలో 18 వేలకు పైగా ఓవర్‌టేకులు కొలిచారు, ఉత్త పెయింటు లేన్ ఉన్నచోట కార్లు ఇంకా దగ్గరగా పోయాయి. డ్రైవరు తన గీత లోపల తాను ఉన్నాను కదా అనుకుంటాడు, సైకిల్ పక్కన ఎంత ఉందో చూడడు. ఇక్కడ సిటీ నుంచి సెల్లీ ఓక్ వైపు బ్రిస్టల్ రోడ్డులో గట్టు కట్టి విడిగా వేసిన నీలం ట్రాక్ ఉంది చూశారా, అది వేరే సంగతి, దాని మీద మా పాప వయసు పిల్లలు కూడా తొక్కుతారు. అలాంటివి ఊరంతా వచ్చేదాకా రోడ్డు పంచుకోక తప్పదు.

మా గ్రూపు వాళ్లం పోయిన ఉగాది వేడుకలప్పుడు కమ్యూనిటీ హాల్ వెనక కార్ పార్కింగులో ఇదే మ్యాట్ పాఠం పెట్టాం. మ్యాట్ లేదు, మాస్కింగ్ టేపుతో లేన్ గీశాం, స్టాండు వేసి నా సైకిల్ పెట్టాం. వచ్చినవాళ్లని కారు ఎక్కడ ఆపితే సరైన దూరమో చెప్పమన్నాం. దాదాపు అందరూ మీటరు లోపే చూపించారు, టేపుతో కొలిచి చూపిస్తే నిజంగానే ఆశ్చర్యపోయారు. మినీక్యాబ్ నడిపే ఒకాయన, మా నాన్న వయసు ఉంటుంది, చేతిలో పులిహోర ప్లేటుతో చాలాసేపు నిలబడి చూశారు.

“ఇంత వదిలితే నేను సైకిల్ వెనకే పోవాలి కదయ్యా, కస్టమరు ఊరుకుంటాడా?” అన్నారు.

“ఎంతసేపు పోతారు బాబాయ్, ఇరవై సెకన్లు. ముందు ఖాళీ రాగానే దాటేస్తారు. లెక్క వేస్తే మీకు పోయేది పది పన్నెండు సెకన్లు. ఎలాగూ ముందు సిగ్నల్ దగ్గర మళ్లీ నేనే మీ పక్కకి వచ్చి ఆగుతాను.”

“అది నిజమే,” అని నవ్వి, “మరి మేం రోడ్ ట్యాక్స్ కడతాం, మీరు కట్టరుగా?” అన్నారు. ఇది రాకుండా ఏ చర్చా పూర్తవ్వదు. ఇక్కడ రోడ్ల కోసం విడిగా తీసిపెట్టే ట్యాక్స్ 1937లోనే ఎత్తేశారని, ఇప్పుడు కట్టేది బండి మీద పన్నేనని, ఊళ్లో రోడ్లకి డబ్బు కౌన్సిల్ ట్యాక్స్ నుంచీ మామూలు పన్నుల నుంచీ వస్తుందని, అవి నేనూ కడుతున్నానని చెప్పాను. ఒప్పుకున్నారో లేదో తెలియదు కానీ వెళ్లేముందు ఆయనే ఇంకో ఇద్దరు డ్రైవర్లని పిలుచుకొచ్చి టేపు దగ్గర నిలబెట్టారు. ఆ ఇద్దరికీ వివరించింది కూడా ఆయనే, నేను పక్కన ఊరికే ఉన్నాను. రోడ్డు మీద అరుచుకుంటే ఇది జరగదు. ఇలా దగ్గరగా దాటేవాళ్లలో ఎక్కువమంది దుర్మార్గులేం కాదు, ఎవరూ దగ్గరుండి చూపించలేదంతే. ఆ నూటికి ఒక్కడి సంగతి వేరు, వాడికి పాఠం కాదు పాయింట్లు కావాలి.

ఇక మన దగ్గరి సంగతి. అక్కడ సైకిల్ అంటే వీకెండ్ హాబీ కాదు. తెల్లారకుండానే పేపరు వేసే కుర్రాడు, పాలక్యాన్లు కట్టుకున్న ఆయన, టిఫిన్ క్యారియర్ హ్యాండిల్‌కి తగిలించుకుని సైటుకి పోయే మేస్త్రీ, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్, హైస్కూలుకి వెళ్లే అమ్మాయిలు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిల్ ఉంది. వీళ్లకి రోడ్డు మీద ఉన్న రూలు ఒక్కటే, వెనక హారన్ మోగితే మార్జిన్‌లోకి దిగిపోవడం. దిగకపోతే తప్పు వాళ్లదే. రోడ్డుకీ మార్జిన్‌కీ మధ్య జానెడు ఎత్తు తేడా ఉండి, దిగేటప్పుడే పడిపోయే వాళ్లని ఎవరు లెక్కపెట్టారు? 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, బాగుంది, నేనూ వెళ్లినప్పుడు తొక్కాను, కానీ పుప్పాలగూడ నుంచి పనికి వెళ్లే వాచ్‌మన్‌కి దాంతో పనిలేదు.

చట్టం లేక కాదు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు 184వ సెక్షన్‌లో, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చారు, మొదటి తప్పుకి వెయ్యి నుంచి అయిదు వేల జరిమానా లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. కానీ అక్కడ చలానా పడేది హెల్మెట్‌కి, సిగ్నల్‌కి, ట్రిపుల్ రైడింగ్‌కి, అంటే ఫొటోలో ఆగి కనిపించేవాటికి. దగ్గరగా దాటడం ఫొటోకి దొరకదు, సైకిల్ మీద ఉన్నవాడికే తెలుస్తుంది.

అందుకే నాకు షీ టీమ్స్ గుర్తొస్తాయి. 2014లో హైదరాబాద్‌లో మొదలుపెట్టారు, మఫ్టీలో బస్టాపులో నిలబడి, వెకిలివేషాలు వేసేవాణ్ణి వీడియోతో సహా పట్టుకుని, మొదటిసారి అయితే ఇంట్లోవాళ్లని పిలిపించి కౌన్సెలింగ్, మళ్లీ చేస్తే కేసు. బర్మింగ్‌హామ్ పోలీసులు చేసింది కూడా అచ్చం ఇదే కదా, మఫ్టీ, కెమెరా, పాఠం, వినకపోతే కేసు. పద్ధతి మన పోలీసులకి కొత్త కాదు, సైకిల్ ఒక్కటే కొత్త. ఒక ఊళ్లో, ఒక రోడ్డు మీద, స్కూలు వదిలే టైములో, ఒక కానిస్టేబుల్‌ని పాత సైకిల్ మీద పంపి చూడమనండి. ఆర్టీసీ డ్రైవర్లకీ కాలేజీ బస్సు డ్రైవర్లకీ డిపోలో నేల మీద సుద్దముక్కతో గీసి చూపించండి, మ్యాట్ కూడా అక్కర్లేదు. అక్కడున్న సైకిల్ గ్రూపుల మిత్రులకి ఇదే చెప్తున్నాను, ట్రాక్ అడగండి, తప్పు లేదు, కానీ ట్రాక్ కంటే ముందు ఈ కానిస్టేబుల్‌ని అడగండి, ఖర్చు లేదు గనక కాదనడం కష్టం.

ఇక్కడున్నవాళ్లకి చివరగా పనికొచ్చే ముక్క. ఎవరైనా మిమ్మల్ని రాసుకుంటూ పోయి, మీ కెమెరాలో పడితే, మీ ఏరియా పోలీసు వెబ్‌సైట్‌లో వీడియో పంపే ఫారం ఉంటుంది. బండి ఓనరుకి నోటీసు 14 రోజుల్లో వెళ్లాలి కాబట్టి వీకెండ్‌లో చూద్దాంలే అనుకోకుండా ఆరోజో మర్నాడో పంపండి. వీడియో కత్తిరించొద్దు, ముందూ వెనకా కాస్త ఉంచండి, మీరు ఎలా తొక్కుతున్నారో కూడా వాళ్లు చూస్తారు, బూతులు తిట్టి ఉంటే అవి కూడా వింటారు. కేసు తేలేదాకా ఆ క్లిప్ ఇన్‌స్టాలోనూ మన గ్రూపుల్లోనూ పెట్టొద్దు. ఫారం నింపడంలో ఇబ్బంది ఉంటే కింద కామెంట్ పెట్టండి, నాకు అది కళ్లు మూసుకుని నింపేంత అలవాటైపోయింది.